‘ఏ3’ మింగేసిన చరిత్ర: గర్భాశయ ముఖద్వారపు కుట్టు ఎవరికి?

పాతికమందికి కుట్టు వేస్తే ఒక్కరికి మేలు. గర్భాశయ ముఖద్వారపు కుట్టు ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సెమినార్లలో ఈ మాట వినాల్సిందే. దీనికి మూలం 1993 నాటి ఎంఆర్‌సీ–ఆర్‌సీఓజీ అధ్యయనం: 12 దేశాలు, 1292 మంది గర్భిణులు; 33 వారాల లోపు కాన్పులు కుట్టు వేసినవారిలో 13 శాతం, వేయనివారిలో 17 శాతం. ఆ అంకెలను నేను కాదనను. వాటిని చూపించి కుట్టుకే పెద్దగా విలువ లేదనేవారితోనే నా పేచీ.

ఆ అధ్యయనంలో చేరిందెవరు? కుట్టు వేయాలో వద్దో వైద్యులకే తేలని స్త్రీలు. తప్పక వేయాలనిపించినవారిని చీటీకి వదలలేదు. సందేహమున్నచోట వచ్చిన ఫలితాన్ని సందేహమే లేని గర్భిణికి ఎలా అంటగడతారు? పైగా అదే అధ్యయనంలో, మూడు లేదా అంతకు మించి గర్భాలు 37 వారాలు నిండకుండానే ముగిసిన స్త్రీలను విడిగా చూస్తే, 33 వారాల లోపు కాన్పులు 32 శాతం నుంచి 15 శాతానికి దిగాయి. సగానికి పైగా తగ్గిన ఈ లెక్కను మాత్రం ఎవరూ ఎత్తరు. అది చిన్న ఉపవర్గమే, ఒప్పుకుంటాను.

బొంబాయి వైద్యుడు వి.ఎన్. శిరోద్కర్ 1955లో మద్రాసు పత్రిక ‘ది యాంటిసెప్టిక్’లో ఈ శస్త్రచికిత్సను ప్రకటించేనాటికి గర్భిణులకు స్కానింగ్ లేదు. ఆమె చెప్పింది వినడం, చేత్తో పరీక్షించడం, అంతే. ఆ వినడం ఎంత విలువైనదో తర్వాతి అధ్యయనాలే చెబుతాయి. 2004లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం పాత కాన్పుల చరిత్రతో నిమిత్తం లేకుండా, స్కాన్‌లో ముఖద్వారం పొడవు 15 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉన్నవారిని తీసుకుంది. 33 వారాల లోపు కాన్పులు కుట్టు వేసినవారిలో 22 శాతం, వేయనివారిలో 26 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. 2009లో ఓవెన్ బృందం అంతకుముందు నెలలు నిండకుండా కాన్పయినవారినే ఎంచుకుని, పొడవు 25 మిల్లీమీటర్లకు తగ్గాక కుట్టు వేసింది. శిశు మరణాలు (పెరినేటల్) 16 నుంచి 8.8 శాతానికి తగ్గాయి. 35 వారాల లోపు కాన్పుల్లో తేడా గణాంకపరంగా నిలవలేదు. అయినా స్కేలు మీది కొలత ఒక్కటే దారి చూపదని, దానికి అర్థం ఇచ్చేది ఆ స్త్రీ గత చరిత్రేనని ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఓవెన్ అధ్యయనంలో చరిత్ర ఉన్న 1014 మందిలో 318 మందికే ముఖద్వారం కుదించుకుపోయింది కాబట్టి, చరిత్ర వినగానే అందరికీ కుట్టు వేయమని నేను అనడం లేదు.

మరి ఆ చరిత్ర మన ఓపీలో ఏమవుతోంది? కేస్ షీటు మీద ‘జి4 పి0 ఏ3’ అని పడుతుంది: నాలుగో గర్భం, కాన్పులు లేవు, మూడు గర్భస్రావాలు. రెండో నెలలోనే గుండె చప్పుడు లేక మూడుసార్లు గర్భం పోయినా ఏ3. అయిదో నెలలో బతికున్న బిడ్డ మూడుసార్లు జారిపోయినా ఏ3. మొదటామెకు కుట్టుతో పనిలేదు. రెండో ఆమెకు పన్నెండు, పద్నాలుగు వారాలప్పుడే ఆ ఆలోచన చేయాలి. అడిగితే రెండో ఆమే చెబుతుంది: “నొప్పులేం రాలేదు మేడం, నడుం బరువుగా ఉంది, బాత్రూంకి వెళితే సంచి కిందికొచ్చేసింది.” రోగనిర్ధారణ సగం ఈ మాటలోనే ఉంది. అది కాగితం మీదికి ఎక్కదు. ఆమె మళ్లీ ఇరవయ్యో వారంలో, సంచి యోనిలోకి దిగాక లేబర్ రూముకు వస్తుంది.

కుట్టు విఫలమైందని మనం రాసుకునే కేసుల్లో పెద్ద భాగం నిజానికి చరిత్ర రాయడంలో జరిగిన వైఫల్యమేనని నా అభిప్రాయం. ‘ఏ’ అంకె పక్కనే నాలుగు గడులు చాలు: ఎన్నో నెల, నొప్పులు ముందా ఉమ్మనీరు ముందా, బిడ్డ ప్రాణంతో పుట్టిందా, రక్తస్రావం ఎంత. ఈ నాలుగూ మొదటి విజిట్‌లోనే నింపాలి, ఏఎన్ఎం అయినా సరే, హౌస్ సర్జన్ అయినా సరే.