చేతులు నిలిపిన ఊపిరి

ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకొని బ్రతుకవచ్చునని మన పెద్దల మాట. ఆ ఊపిరే ఆడని పసివారి కోసం ఒకప్పుడు కోపెన్‌హేగెన్ నగరంలో వందలాది చేతులు యంత్రాలకు బదులు పనిచేసినవి. ఆ వృత్తాంతాన్ని నేడు స్మరించుకొందాము.

1952 వేసవిలో ఆ డెన్మార్కు రాజధానిలో పోలియో విజృంభించినది. బ్లెగ్డామ్ ఆసుపత్రికి చేరినవారిలో పలువురు పిల్లలు. వ్యాధి ముదిరినవారికి రొమ్ము కండరాలు చచ్చుబడేవి. మ్రింగే శక్తి నశించి, గొంతులోని ఊట ఊపిరితిత్తులలోనికి దిగేది. శ్వాస ఆడించడానికి ఆసుపత్రిలో ఉన్నవి పెద్ద ఇనుప పెట్టె ఒకటి, రొమ్ముకు తొడిగే యంత్రాలు ఆరు మాత్రమే. మొదటి మూడు వారాలలో యంత్రసహాయం పొందిన 31 మందిలో 27 మంది మరణించినారు.

ప్రధాన వైద్యులు లాసెన్, మత్తుమందు నిపుణులైన బ్యోర్న్ ఇబ్సెన్‌ను పిలిపించినారు. ఆగస్టు 27న, 12 ఏండ్ల బాలిక ఒకతె మృత్యుముఖంలో ఉన్నది. ఇబ్సెన్ ఆమె శ్వాసనాళానికి గాటు పెట్టించి, రబ్బరు గొట్టం అమర్చి, ఊటను పీల్చివేయించి, ప్రాణవాయువు నింపిన సంచిని చేతితో నొక్కసాగినారు. నీలిబారిన ఆ పిల్లకు తిరిగి రంగు వచ్చినది. ఆమె బ్రతికినది.

కాని నొక్కే చేయి రాత్రింబగళ్లు, వారాల తరబడి ఆగరాదు. సుమారు 1,500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల ప్రక్కన కూర్చున్నారు. ఒక దశలో 70 మంది రోగులకు ఒకేసారి వారే ఊపిరి పోసినారు. తమ చేతులమీదనే రోగి కన్నుమూయగా చూచినవారూ వారిలో ఉన్నారు. అయినా నూటికి 80కి మించిన మరణాలు క్రమంగా 25 దరిదాపులకు దిగినవి.

1956లో అదే దేశపు వైద్యులు హెనింగ్ రూబెన్ రూపొందించిన అంబు సంచి వాడుకలోనికి వచ్చినది. నొక్కి వదలగానే అది తనంతట తానే గాలి నింపుకొంటుంది. విద్యుత్తు గాని, ప్రాణవాయువు సిలిండరు గాని లేకున్నా పనిచేస్తుంది. అందుచేతనే అది చిన్న ఆసుపత్రులకు పెన్నిధి అయినది. మన దేశంలో 2009లో ఆరంభమైన నవజాత శిశు సురక్షా కార్యక్రమం, పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు మొదటి నిమిషంలోనే ఇటువంటి సంచితో శ్వాస అందించే విధానాన్ని ప్రసవ గదుల సిబ్బందికి నేర్పినది.

అయితే సంచి బీరువాలో ఉన్నంత మాత్రాన బిడ్డ బ్రతుకదు. దానిని నొక్కే చేతికి అభ్యాసం ఉండాలి, అది వేళకు అందాలి. యంత్రాలు చాలని ఆసుపత్రికి కోపెన్‌హేగెన్ విద్యార్థులు నేర్పిన పాఠం ఇదేనని మా విశ్వాసం.