అర్ధరాత్రి ఉప్పల్‌లో ఒక క్లోన్

రాత్రి ఒకటింబావు. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద లారీలే తిరుగుతున్నాయి. నాగోల్ వైపు ఆఖరి మెట్రో వెళ్లి చాలాసేపైంది. నాలుగో అంతస్తులో ఏసీ చలికి చున్నీ నిండుగా కప్పుకున్న స్టోరేజీ అడ్మిన్ అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చోండి. ఆమె ముందున్నది ఒక ఆస్పత్రి ల్యాబ్ రిపోర్టుల డేటాబేస్, రెండు టెరాబైట్ల వర్చువల్ డిస్కు. సర్వరు కంటికి అదొక మామూలు డిస్కు. నిజానికి కింది గదిలోని స్టోరేజీ అర్రేలో, ఎన్నో డ్రైవుల మీద ముక్కలుగా పరుచుకుని ఉంది.

ఫోన్లో డేటాబేస్ అడ్మిన్, అంటే డీబీఏ ఉన్నాడు.

"అన్నా, హాట్ బ్యాకప్ మోడ్‌ల పెట్టినవా?"

"పెట్టిన. కొట్టు."

డేటాబేస్ నడుస్తుండగానే దాన్ని కాపీకి సిద్ధం చేసే మోడ్ అది. మీరు రెప్ప వేసి తెరిచేలోగా స్నాప్‌షాట్ వచ్చేసింది. రెండు టెరాబైట్లలో ఒక్క బైటు కూడా కదల్లేదు. ఏ బ్లాకు ఎక్కడుందో చెప్పే పట్టికకు మాత్రం నకలు పడింది. ఇకమీద ఎవరైనా రిపోర్టు మారిస్తే, స్టోరేజీ ముందు పాత బ్లాకును పక్కన దాచి, ఆ తర్వాతే కొత్తది రాస్తుంది. ఆ దాచే చోటు నిండిందంటే స్నాప్‌షాట్ పనికిరాకుండా పోతుంది. అందుకే ఆమె చూపంతా తెర మూలనున్న అంకె మీదే ఉంది. రెండు శాతం. కాసేపటికి మూడు.

"అయిందన్నా, మోడ్ తీసెయ్."

స్నాప్‌షాటే బ్యాకప్ అనుకుని నిద్రపోయేవాళ్లను తలుచుకుంటే నాకు భయమేస్తుంది. మారని బ్లాకులన్నీ ఇంకా అసలు డిస్కువే. ఆ డ్రైవులు పోతే రెండూ పోతాయి. అందుకని ఆమె ఆ స్నాప్‌షాట్ నుంచి వేరే డ్రైవుల మీదకి పూర్తి క్లోన్ మొదలుపెట్టింది. బైట్లు కదిలేది ఇప్పుడు. వేగం పెంచితే క్యాజువాలిటీలో డాక్టరుకు రిపోర్టు ఆలస్యంగా తెరుచుకుంటుంది, తగ్గిస్తే ఇక్కడే తెల్లారుతుంది. మధ్యస్థంగా పెట్టింది.

ఇదే డిస్కుకు నాచారం పారిశ్రామికవాడలో జోడీ ఉంది. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు పడుతుంది. నాలుగైదు కిలోమీటర్ల దారి కాబట్టి పోయి రావడానికి 50 చాలు. అందుకే ప్రతి మార్పూ రెండుచోట్లా పడ్డాకే సర్వరుకు జవాబు వెళ్తుంది. ఉప్పల్‌లో స్టోరేజీ కాలిపోయినా నాచారం ఆదుకుంటుంది. కానీ ఇక్కడ ఎవరైనా పొరపాటున ఒక టేబుల్ చెరిపేస్తే, ఆ క్షణమే అక్కడా చెరిగిపోతుంది. రాన్సమ్‌వేర్ పడ్డా అంతే. పైగా 2020 అక్టోబరు 13 నాటి వాన ఈ వైపు వాళ్లెవరూ మరిచిపోలేదు. ఉప్పల్, రామంతాపూర్ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నాచారం ఉన్నదీ ఆ మబ్బు కిందే. కాబట్టి ఒక కాపీ టేపు మీద వేరే ఊరు చేరాలి. ఆ ఊరికీ గండం రావచ్చు, 2014 అక్టోబరు 12న విశాఖకు హుద్‌హుద్ వచ్చినట్టు. రెండు ఊళ్లకూ ఒకే రాత్రి రావడం మాత్రం అరుదు.

మూడున్నర. క్లోన్ పూర్తయింది. దాన్ని టెస్ట్ సర్వరుకు తగిలిస్తోంది. అసలు సర్వరుకే తగిలిస్తే రెండు డిస్కులకూ ఒకటే గుర్తింపు సంఖ్య ఉంటుంది, ఏది ఏదో దానికి తెలియదు. అవతల డీబీఏ దాని మీద ఆర్కైవ్ లాగులు, అంటే మార్పుల చిట్టాలు ఎక్కిస్తున్నాడు. కీబోర్డు చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది. ఆమె గోరు కొరుక్కుంటోంది. నాకైతే బ్యాకప్ పనిలో అసలు ఘట్టం ఇదే, చాలా ఆఫీసుల్లో వాయిదా పడేదీ ఇదే.

"ఓపెన్ అయింది."

"ఆఖరి రిపోర్టు ఏ టైముదన్నా?"

"ఒకటీ పద్దెనిమిదిది. ప్లేట్‌లెట్ కౌంట్."

ఆమె అసలు డేటాబేస్‌లో అదే రిపోర్టు తెరిచి, అంకెలు ఒక్కొక్కటీ పోల్చింది. సరిపోయాయి.

"టేపుకు పంపుతున్న. మొన్నటి క్లోన్ తీసెయ్యాల్నా?"

"ఇప్పుడే వద్దు. ఇది టేపు మీద పడి, మళ్ల చదివి చూసినంకనే తీసెయ్."