బడి గడప బయటి చదువు

తెలుగునాట స్త్రీ విద్య చరిత్రను బాలికల పాఠశాలలు వెలసిన సంవత్సరాల వరుసగా చెప్పడం అలవాటైంది. ఆ వరుస అవసరమైనదే గాని, దానితోనే సరిపెట్టుకుంటే ఒక పెద్ద విషయం మరుగున పడుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివరి పాదం నుంచి స్వాతంత్ర్యం వచ్చేదాకా తెలుగులో కలం పట్టి పేరు నిలుపుకొన్న స్త్రీలలో ఎందరో బడిలో గడిపిన కాలం బహు కొద్ది, కొందరైతే బడి మెట్లే ఎక్కలేదు. వారి చదువు తమ్ముడి పుస్తకాల పక్కన, భర్త ఉద్యోగం చేసే ఊళ్ళో, టపాలో వచ్చే మాసపత్రికలో, మధ్యాహ్నం పనులు తెమిలాక నలుగురు ఆడవాళ్ళు కూడిన సమాజంలో సాగింది. బడి వారిని చేరదీయలేకపోయిన చోట వారే చదువును ఇంటికి తెచ్చుకున్నారు.

బ్రిటిషు పాలన తొలినాళ్ళలో మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్ల చేత దేశీయ విద్య లెక్కలు తీయించాడు. 1826 మార్చిలో ఆయన సమర్పించిన వివరాల ప్రకారం మద్రాసు రాజధానిలో, అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలూ తమిళ, మలబారు, కన్నడ ప్రాంతాలూ కలిసిన ఆనాటి పాలనా విభాగంలో, 12,498 బడులు ఉండగా వాటిలో చదివేవారు 1,88,650 మంది. వారిలో బాలికలు 4,540 మంది మాత్రమే. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది ఆలయాల్లో, ఆస్థానాల్లో ఆటపాటలు వృత్తిగా గల దేవదాసీ కుటుంబాల పిల్లలు. చదవడం రాయడం ఆ వృత్తివారికి చెల్లేవే తప్ప సంసార స్త్రీలకు తగవన్న భావన వల్లనే తక్కిన కులాలు ఆడపిల్లలను బడికి పంపడం లేదని మన్రో గమనించాడు. వీధి అరుగు మీద ఇసుక పరచి గుంట ఓనమాలు దిద్దించే బడిలో ఆడపిల్లకు చోటు లేకపోవడానికి బీదరికం కన్నా, పంతుళ్ళ కొరత కన్నా, ఈ పరువు భయమే పెద్ద కారణమని ఆ పరిశీలనను బట్టి తెలుస్తుంది.

తెలుగులో విదుషీమణులు లేకపోలేదు. పదహారో శతాబ్దంలో మొల్ల, తంజావూరు నాయకరాజుల కొలువులో రామభద్రాంబ, రంగాజమ్మ, పద్దెనిమిదో శతాబ్దంలో మరాఠా రాజుల కొలువులో ముద్దుపళని, చిన్నతనంలోనే వైధవ్యం పొంది భక్తి మార్గం పట్టిన తరిగొండ వెంగమాంబ అందుకు సాక్ష్యం. అయితే వీరందరికీ కవిత్వం అబ్బిన చోటు రాజుగారి కొలువో, దేవుడి సన్నిధో అయింది గాని సాధారణ సంసారి ఇల్లు కాలేదు. చదివిన ఆడదాని మాంగల్యం నిలవదన్న మూఢనమ్మకం ఒకవైపు, అక్షరం వస్తే పరపురుషుడికి ఉత్తరాలు రాస్తుందన్న అనుమానం మరొకవైపు ఆ ఇంటి తలుపు గట్టిగా మూసి ఉంచాయి. స్త్రీల పాటలుగా పేరుపడిన ఊర్మిళాదేవి నిద్ర వంటి దీర్ఘమైన కథాగేయాలను తరతరాలుగా కంఠస్థం చేసి కాపాడినవారు ఈ సంసార స్త్రీలే. అంతటి ధారణ గలవారిని అక్షరానికి దూరంగా ఉంచడంలోని అన్యాయాన్ని గుర్తించడానికి చాలా కాలం పట్టింది.

గుర్తించినవారిలో సామినేని ముద్దు నరసింహం ముందువాడు. 1862లో అచ్చయిన ఆయన ‘హితసూచని’ స్త్రీలకు చదువు చెప్పించాలని వాడుకకు దగ్గరైన భాషలో వాదించింది. ఆ తరువాత కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను స్థాపించి, అదే ఏడాది మొదలుపెట్టిన ‘వివేకవర్ధని’ పత్రికలో స్త్రీ విద్య పక్షాన రాయగా, కొక్కొండ వెంకటరత్నం తన ‘ఆంధ్రభాషా సంజీవని’లో దానిని ఖండించారు. ఆడపిల్లకు అక్షరం కూడదా అన్న ప్రశ్న తెలుగులో ఇంటి గుట్టుగా మిగలక బహిరంగ చర్చగా మారింది ఈ రెండు పత్రికల వాదప్రతివాదాల్లోనే. వీరేశలింగం పక్షం చివరికి నెగ్గిందంటే వాదన బలంతోపాటు కాలం కూడా కలిసివచ్చింది. ఇంగ్లీషు చదివి కచేరీల్లో, రైల్వేలో, ఇంజినీరింగు శాఖలో ఉద్యోగాలకు పొరుగూళ్ళకు తరలిపోయిన మగవారి తరం ఒకటి అప్పుడే తయారవుతున్నది. 1879లో కాలణా పోస్టుకార్డు వచ్చింది. భర్త రాసిన కార్డును చదివి చెప్పమని పక్కింటి కుర్రవాడిని పిలవవలసివస్తే భార్యాభర్తల మాట వీధి మాట అవుతుంది. ఉత్తరం చదవగల ఇల్లాలు కావాలన్న కోరిక ఎన్నో ఇళ్ళలో స్త్రీ విద్యకు మొదటి వకాల్తా పుచ్చుకొంది. ఏ ఉత్తరం పేరు చెప్పి చదువును అడ్డుకున్నారో ఆ ఉత్తరమే చదువుకు దారి తీసింది.

ఈ కారణం వల్లనే ఆ చదువుకు హద్దులు కూడా ఏర్పడ్డాయి. పిల్లలను పెంచగల తల్లిగా, పొదుపు తెలిసిన ఇల్లాలిగా, భర్త ఆలోచనలను అందుకోగల సహచారిణిగా ఆడపిల్లను తీర్చడమే సంస్కర్తల లక్ష్యం. 1883లో వీరేశలింగం స్త్రీల కోసం వెలువరించిన పత్రిక ‘సతీహితబోధిని’ పేరులోనే అది కనిపిస్తుంది. ఈ లక్ష్యం ఇరుకైనదన్న మాట నిజమే గాని, అంతకు మించి కోరి ఉంటే ఆనాటి తండ్రులు పలకాబలపం కొనిచ్చేవారు కారన్నదీ అంతే నిజం. అసలు చిక్కు ఏళ్ళది. అయిదారేళ్ళకు బడికి వచ్చిన పిల్లకు ఎనిమిదో తొమ్మిదో ఏట పెళ్ళి, ఈడేరగానే కాపురం. మధ్యలో మిగిలే కాలంలో గుణింతాలు దాటి పుస్తకం చేతికి వచ్చేసరికి బడి ముగిసిపోయేది. ఉపాధ్యాయినులు దొరకకపోవడానికీ ఇదే కారణం, ఎందుకంటే చదువు చెప్పగలంత చదువుకొనే దాకా ఏ ఆడపిల్లా బడిలో మిగిలేది కాదు. ఆడపిల్లల కనీస వివాహ వయసును 14 ఏళ్ళుగా నిర్ణయించిన శారదా చట్టం 1930లో గాని అమలుకు రాలేదు, వచ్చాక కూడా దానిని తప్పించుకొన్న పెళ్ళిళ్ళు కోకొల్లలు.

బడి ఇవ్వలేని ఆ ఏళ్ళను సొంతంగా సంపాదించుకొన్నవారిలో అగ్రగణ్య భండారు అచ్చమాంబ. కృష్ణా జిల్లా నందిగామలో 1874లో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, పదేళ్ళకే పెళ్ళయిన ఆమెకు పాఠశాల విద్య లేదు. భర్త ఉద్యోగరీత్యా నాగపూరు ప్రాంతంలో కాపురమున్నప్పుడు, ఆమె ఇంట ఉండి చదువుకొన్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తన చదువుతోపాటు అక్క చదువునూ సాగనిచ్చాడు. తెలుగుతో మొదలుపెట్టి హిందీ, మరాఠీ, బెంగాలీ, గుజరాతీ భాషల పుస్తకాలు చదవగల స్థితికి ఆమె చేరుకొంది. కన్న బిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖంలోనూ ఆ పఠనం ఆగలేదు. దాని ఫలం 1901లో వెలువడిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’, భారతదేశ చరిత్రలోని స్త్రీల జీవితాలను ఒకచోట కూర్చిన తొలి తెలుగు గ్రంథం. స్త్రీలు పుట్టుకతోనే బుద్ధిహీనులనీ, చదువుకొంటే చెడిపోతారనీ చెప్పేవారికి జవాబుగా ఆమె శాస్త్ర ప్రమాణాలు ఎత్తలేదు, రాజ్యాలు ఏలిన, యుద్ధాలు చేసిన, గ్రంథాలు రాసిన స్త్రీల చరిత్రను ముందుంచింది. సంస్కర్తలైన పురుషులు ధర్మశాస్త్రాల్లో సమ్మతి వెదుకుతున్న కాలంలో బడి మొగం చూడని స్త్రీ చరిత్రనే సాక్ష్యంగా నిలపడం సామాన్యమైన విషయం కాదు. స్త్రీ విద్య చర్చలో ఆడదాని యోగ్యతను ఆడదే నిరూపించిన మొదటి పెద్ద ఘట్టం ఇదేనని చెప్పడం అతిశయోక్తి అనిపించుకోదు.

అచ్చమాంబ పుస్తకంతో ఆగలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో ‘బృందావన స్త్రీ సమాజం’ స్థాపించి, మరుసటి ఏడాది తెలుగు జిల్లాల్లో తిరిగి ఇటువంటి సమాజాలకు ప్రోత్సాహమిచ్చింది. స్త్రీ సమాజమంటే ఇరుగుపొరుగు ఆడవారు ఒక ఇంట చేరి, చదువు వచ్చినామె పత్రికో పుస్తకమో చదివి వినిపించగా తక్కినవారు విని, చర్చించి, మెల్లగా తామూ అక్షరాలు కూడబలుక్కునే కూటమి. 1905లో ముప్పయ్యేళ్ళకే ఆమె కన్నుమూసినా, ఆ కూటములు ఆగలేదు. వాటికి చదవడానికి సరుకు కావాలి గనుక 1902లో సత్తిరాజు సీతారామయ్య ఏలూరులో మొదలుపెట్టిన ‘హిందూ సుందరి’, కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ నడిపిన ‘సావిత్రి’ వంటి పత్రికలు ఆ అవసరం తీర్చాయి. లక్ష్మీనరసమాంబ వితంతు పునర్వివాహాన్ని వ్యతిరేకించిన సంప్రదాయవాది; చదువు వచ్చిన ఆడవారంతా సంస్కర్తలకు వంతపాడలేదని, అక్షరం వారికి ఒప్పుకొనే శక్తితోపాటు కాదనే శక్తి కూడా ఇచ్చిందని ఆమె పత్రిక తెలియజేస్తుంది. గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘దిద్దుబాటు’ కథలో భర్త నేర్పిన చదువుతోనే కమలిని ఉత్తరం రాసిపెట్టి అతనికి బుద్ధి చెబుతుంది. ఉత్తరం చదవడానికి వచ్చిన అక్షరం మూడు దశాబ్దాలు తిరిగేసరికి ఉత్తరం రాసి నిలదీయడానికి ఉపయోగపడిందన్న మాట.

ఏది చదవవచ్చు, ఏది కూడదన్న వివాదం ఇదే కాలంలో బయటపడింది. దేవదాసీ కుటుంబానికి చెందిన ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ స్త్రీలు చదవదగినది కాదని వీరేశలింగం నిందించగా, బెంగుళూరు నాగరత్నమ్మ దానిని పరిష్కరించి 1910లో వావిళ్ళవారి చేత అచ్చువేయించింది. మరుసటి ఏడే ప్రభుత్వం దానిని అసభ్యమని నిషేధించింది, ఆ నిషేధం స్వాతంత్ర్యం వచ్చే రోజుల దాకా తొలగలేదు. మన్రో లెక్కల్లో చదువు వచ్చిన ఆడవారుగా కనిపించిన దేవదాసీలనే స్త్రీ విద్యోద్యమం తన కుటుంబంలోంచి వెలివేసిందన్నది ఈ చరిత్రలో మరచిపోరాని గాయం.

కులం మెట్లలో కింద ఉంచబడినవారికి పై సమాజాలూ పత్రికలూ అందలేదు. ఒంగోలు ప్రాంతంలో అమెరికను బాప్టిస్టు మిషను ద్వారా 1878లో వేలాదిగా క్రైస్తవం స్వీకరించిన మాదిగ కుటుంబాలకు చదువు వేరొక దారిన వచ్చింది. లేఖనాలు స్వయంగా చదవాలన్న ప్రొటెస్టెంటు నియమం వల్ల ఆడవారికీ అక్షరాలు నేర్పారు. అలా నేర్చి పల్లెలు తిరుగుతూ చదివి వినిపించిన స్త్రీలను ‘బైబిలు స్త్రీలు’ అనేవారు. పుస్తకం చేతపట్టి ఊళ్ళోకి నడిచివచ్చిన దళిత స్త్రీ ఆనాటి కట్టుబాట్లకు ఎంతటి సవాలో ఊహించవచ్చు. ఆమె పేరు మాత్రం సాహిత్య చరిత్రలకు ఎక్కలేదు.

నిజాం రాజ్యంలో అడ్డంకి మరొకటి. నాంపల్లిలో 1890 నాటికే బాలికల పాఠశాల ఏర్పడి, పరదా కట్టిన బండ్లలో ఆడపిల్లలు చదువుకు వెళ్ళడం మొదలైనా, పైచదువు భాష ఉర్దూ కావడంతో తెలుగు ఇళ్ళ పిల్లలకు అది పరాయిదిగానే ఉండిపోయింది. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల స్థాపించినప్పుడు, ఇక్కడి గుర్తింపు దొరకక పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి దానిని అనుబంధించవలసివచ్చింది. తల్లిభాషలో పరీక్ష రాయడానికి పొరుగు రాష్ట్రపు పట్టా ఆశ్రయించవలసిన దుస్థితి అది. 1924లో మొదలైన మహిళా కళాశాల మాత్రం నిలదొక్కుకొని, తరువాత కోఠీలోని పాత రెసిడెన్సీ భవనానికి చేరింది. 1803 ప్రాంతంలో బ్రిటిషు ప్రతినిధి కోసం కట్టిన ఆ సౌధంలో నేడు మహిళా విశ్వవిద్యాలయం నడుస్తున్నది.

బడి బయటి చదువుకు ఒక వ్యవస్థ రూపం ఇచ్చిన ఘనత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ది. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్ళకే పెళ్ళయి, ఆ బంధం నుంచి తరువాత బయటపడిన ఆమె, ఇంగ్లీషు మాధ్యమాన్ని నిరసించి చిన్న వయసులోనే బడి మానేసింది. కాకినాడలో 1923 కాంగ్రెసు మహాసభ జరిగేనాటికే తానింకా బాలికగా ఉండి ఆడవారికి హిందీ పాఠశాల నడిపింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళివచ్చాక బెనారసు మెట్రిక్యులేషను ప్రైవేటుగా రాసి, పట్టభద్రురాలై, న్యాయవాది అయింది. బడి వదిలిన స్త్రీకి పెద్ద వయసులో తిరిగి చదువు దక్కాలంటే ఎటువంటి దారి కావాలో తన బతుకులోనే తెలుసుకొన్నందువల్ల, 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో అదే బెనారసు పరీక్షకు గృహిణులనూ వితంతువులనూ తయారుచేసే తరగతులు పెట్టించింది. స్వాతంత్ర్యానంతరం కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా 1958లో దేశమంతటా వచ్చిన సంక్షిప్త విద్యా పథకం, అంటే పెద్ద వయసు స్త్రీలకు ఏళ్ళ చదువును కొద్దికాలంలో నేర్పి పరీక్షకు కూర్చోబెట్టే ఏర్పాటు, ఆ అనుభవానికి విస్తరణే. 1951లో దేశంలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి 9 మందికి కూడా చేరలేదు గనుక చిన్నపిల్లల బడులు మాత్రమే తెరిస్తే తల్లుల తరం మొత్తం మిగిలిపోతుందని ఆమె చూసింది.

మిగిలిపోయిన ఆ తల్లులు నాలుగు దశాబ్దాల తరువాత నెల్లూరు జిల్లా దూబగుంటలో కనిపించారు. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో పగలు కూలికి వెళ్ళివచ్చి రాత్రి లాంతరు వెలుగులో వాచకం పట్టిన స్త్రీలు, తాగుబోతు భర్త వల్ల చితికిన సంసారం గురించిన పాఠం చదివి, అది తమ కథేనని గుర్తించారు. రోశమ్మ ముందు నడవగా 1992లో వారు ఊళ్ళో సారా అంగడిని మూయించారు. వారి విజయం తరువాతి వాచకంలో తానే ఒక పాఠమై పక్క ఊళ్ళ రాత్రి బడులకు చేరింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. వాచకంలోని పాఠం ఊరిని కదిలించడం, ఊరు కదలడం మళ్ళీ పాఠం కావడం తెలుగు విద్యా చరిత్రలో అరుదైన సంగతి.

2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 59.15 శాతానికి పెరిగింది, అయినా పురుషుల కన్నా 15 శాతం పాయింట్లకు పైగా వెనుకబడే ఉంది. బడిలో చేరడం ఇప్పుడు ఆడపిల్లకు సమస్య కాదు, నిలవడమే సమస్య. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ వయసు స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైగా ఉన్నారు. వీరేశలింగం బడిని ఖాళీ చేసిన ఆ పెళ్ళిపందిరే నేడు పదో తరగతి తరువాత ఎదురుపడుతున్నది. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, అంటే బడి మానేసిన, అసలు చేరని బాలికలకు వసతితో చదువు చెప్పే పాఠశాలలు, మొదట ఎనిమిదో తరగతి దాకానే ఉండేవి. తరువాత వాటిని పదికి, కొన్నిచోట్ల ఇంటర్‌కు పెంచుతూ వచ్చారు. ఇలా కలిపిన ప్రతి తరగతీ ఆ పిల్లకు పెళ్ళికి ముందు దక్కే మరొక ఏడాది.