పచ్చికబయలును తిరిగి నాటిన పనివారు

నశించిన నగరములను తిరిగి కట్టించిన రాజుల కథలు చరిత్రలో పెక్కు కలవు. నశించిన పచ్చికబయలును తిరిగి నాటినవారి కథ మాత్రము అరుదు. అట్టి కథ యొకటి అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, మాడిసన్ నగరపు విశ్వవిద్యాలయ వృక్షోద్యానములో 1935-41 సంవత్సరముల నడుమ జరిగినది.

ఉత్తర అమెరికా ఖండపు నడిభాగమున నిలువెత్తు గడ్డితోను, రంగురంగుల పూలమొక్కలతోను నిండియుండిన మైదానములను ప్రెయిరీలందురు. ఆ మొక్కల వేళ్లు నేలలో అనేక అడుగుల లోతునకు దిగి, చివికి, వేల సంవత్సరములలో మట్టిని నల్లగాను సారవంతముగాను చేసినవి. ఆ సారమే ప్రెయిరీకి శత్రువైనది. 1837లో జాన్ డీర్ అను కమ్మరి ఉక్కు నాగలిని తయారుచేసిన పిదప, రెండు మూడు తరములలోనే బయళ్లన్నియు పొలములైనవి. ఇలినాయ్ రాష్ట్రమున పూర్వపు ప్రెయిరీలో వేయింట ఒక వంతు కూడ నేడు మిగిలియుండలేదు.

1930 తరువాతి సంవత్సరములు అమెరికాకు గడ్డుకాలము. ఒకవైపు నిరుద్యోగము, మరొకవైపు అనావృష్టి. దున్ని వదలిన మైదానముల మట్టి గాలికి లేచి ఆకాశమును కప్పినది. 1933లో అధ్యక్షుడు రూజ్వెల్టు పౌర సంరక్షణ దళమును నెలకొల్పెను. పెండ్లికాని యువకులను చేర్చుకొని, నెలకు 30 డాలర్ల జీతమిచ్చి, అందులో 25 డాలర్లను వారి యిండ్లకే పంపుచుండిరి. ఒక్కొక్క విడత కొలువు ఆరు నెలలు. అట్టి శిబిరమొకటి 1935లో మాడిసన్ వృక్షోద్యానమున వెలసినది.

ఆ ఉద్యానము 1934 జూన్ 17న ప్రారంభమైనది. నానాదేశపు చెట్లను ప్రదర్శనకు పెంచుటకంటె, తెల్లవారు రాకపూర్వము విస్కాన్సిన్ నేల ఎట్లుండెనో దాని మచ్చును తిరిగి నిర్మింపవలెనని ఆచార్య ఆల్డో లియోపోల్డ్ ఆశయము. ప్రెయిరీని నాటవలెనని ప్రోత్సహించినవారిలో వృక్షశాస్త్రజ్ఞుడు నార్మన్ ఫాసెట్ ముఖ్యుడు. ఊహ పండితులది, గునపము పట్టినవారు ఆ యువకులు. వారిని నడపినవాడు థియోడర్ స్పెర్రీ. ప్రెయిరీ మొక్కల వేళ్లను గూర్చి పరిశోధన చేసినవాడగుటచే నేలపై కనబడుదానికంటె నేలలోనిది ముఖ్యమని ఆయన ఎరుగును.

ఆయన ముందున్న చిక్కును గమనింపుడు. నేల ఎన్నో ఏండ్లు సాగుచేసి, గుర్రములను మేపి విడిచిన పొలము. పనివారు ఆరేసి నెలల కొలువుదారులు. ప్రెయిరీ మొక్క తొలి సంవత్సరములలో వేరునే పెంచుకొనును; పైకి కనబడునది స్వల్పము. నాటినవాడు దాని పూవును చూడకముందే అతని కొలువు తీరవచ్చును. ఇట్టి పనికి ముందు మార్గదర్శకమైన గ్రంథమును లేదు. మిగిలిన ప్రెయిరీ ముక్కలనుండి గడ్డి పెళ్లలను త్రవ్వి తెచ్చియు, విత్తనములు చల్లియు, విత్తుతో కూడిన ఎండుగడ్డిని పరచియు వారు నాటిరి. స్పెర్రీ ఒక్కొక్క జాతిని ఒక్కొక్క మడిగా నాటించి ఆ వివరములను పదిలపరచెను. పనివారు మారినను పని మరువబడకుండుటకు ఆ లెక్కలే ఆధారము. కొన్ని దశాబ్దముల పిమ్మట ఏది బ్రదికినది, ఏది నశించినది అని పోల్చి చూచుటకు అవియే ఉపకరించినవి.

1941లో శిబిరము మూతపడినది. కాని నాటుటతో పని ముగియలేదు. ఐరోపానుండి వచ్చిన బ్లూగ్రాస్ అను గడ్డి కొత్త మొక్కలను అణచివేయసాగెను. అప్పుడు జాన్ కర్టిస్ అను శాస్త్రజ్ఞుడు నిప్పును ప్రయోగించి చూచెను. బ్లూగ్రాస్ వసంతారంభముననే చిగిర్చును. ప్రెయిరీ గడ్డి ఆలస్యముగ మేల్కొనును. ఆ నడిమి దినములలో బయలును తగులబెట్టినచో మొదటిది దెబ్బతినును, రెండవది సురక్షితముగ లేచును. 1948లో కర్టిస్, మాక్స్ పార్చ్ ఈ ఫలితములను ప్రకటించిరి. ఆ సంవత్సరమే లియోపోల్డ్ పొరుగువారి పొలమున అంటుకొన్న గడ్డిమంటను ఆర్పుచు ప్రాణములు విడిచెను. నిప్పు ఒకచోట మృత్యువు, మరొకచోట ఔషధము.

ఇందులో ఒక పాత సత్యము కూడ దాగియున్నది. అమెరికా ఆదివాసులు తరతరములుగా బయళ్లను కాల్చుచుండిరి. మాడిసన్ ప్రాంతము హో-చంక్ ప్రజల సీమ. 1832 నాటి ఒడంబడికతో ఆ నేల వారి చేజారినది. మనుష్యులను వెడలగొట్టినప్పుడు వారి నిప్పును, దానితోపాటు వారి విద్యయు వెడలిపోయెను. ప్రెయిరీ మానవ స్పర్శ లేని అడవి కాదు. ఎరిగిన చేతులు కాపాడిన బయలు.

ఆ ప్రెయిరీకి 1962లో కర్టిస్ పేరు పెట్టిరి. నేడది సుమారు 70 ఎకరముల బయలు. నగరపు వాననీరు మోసుకొనివచ్చు కలుపును, పొదలను తొలగింపక తప్పదు. నిర్ణీత కాలములలో నిప్పు పెట్టకయు తప్పదు. అది పూర్వపు ప్రెయిరీకి సాటి అని శాస్త్రజ్ఞులే అనరు. నూరేండ్లలో పోయినదానిని ఆరేండ్లలో తేవచ్చునను భ్రమకు అది సమాధానము. పోయినది ఎన్నటికిని రాదను నిరాశకును అదియే సమాధానము.

పేరు శాస్త్రజ్ఞునిది. నాటినది మాత్రము నెలకు 30 డాలర్లకు వచ్చి, ఇంటికి 25 డాలర్లు పంపుకొన్న బీద యువకులు. వారిలో పెక్కుమంది పేర్లు మనకు తెలియవు. వారు నాటిన గడ్డి వేళ్లు నేటికిని నేలను పట్టి ఉంచుచున్నవి.