పన్నెండు సీరియళ్లు, పేరు మాత్రం లేదు

కుండలినీ ద్వీపం మీద ఆకాశంలో తోకచుక్క పొడుస్తుంది. దేశానికి అరిష్టమని జనం బెంబేలెత్తిపోతారు. సేనాని సమరసేనుడు ఓడలెక్కి బయల్దేరి, ఊరూ పేరూ తెలియని దీవికి చేరతాడు. అక్కడ ఒంటికన్ను ఏకాక్షి, నాలుగు కళ్ల చతుర్నేత్రుడు ఒకరి అంతు ఒకరు చూడాలని కాచుకుని ఉంటారు. 1954లో చందమామలో మొదలైన ‘తోకచుక్క’ కథ ఇది. ఆ రోజుల్లో చదివినవాళ్లకు ఈ మాంత్రికుల పేర్లు ఇప్పటికీ నోటికి వస్తాయి. రాసినదెవరని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. తప్పు వాళ్లది కాదు. ఆ పేరు పత్రికలో వేయలేదు.

ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో పుట్టి, ఇరవయ్యేళ్ల వయసులో, 1952లో మద్రాసు వచ్చి చందమామలో చేరారు. కొడవటిగంటి కుటుంబరావు ఆ పత్రిక బాధ్యతలు తీసుకున్నదీ ఆ ఏడాదే. అప్పటికి చందమామకు అయిదేళ్లు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలుపెట్టిన పత్రిక అది. దాసరికి ముందు ‘విచిత్ర కవలలు’ సీరియల్ రాసినవారు రాజారావు. ఆయన తర్వాత సీరియల్ రాసే బరువు ఈ కుర్రవాడి మీద పడింది.

‘తోకచుక్క’కు కొనసాగింపు ‘మకర దేవత’. ఆ వెనక ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం వచ్చాయి. చివరిదైన ‘భల్లూక మాంత్రికుడు’ 1978లో ముగిసింది. ఇరవై నాలుగేళ్లలో పన్నెండు.

నెలకొక భాగం రాయడం నవల రాయడంలాంటిది కాదు. కిందటి నెల ఎక్కడ ఆగిందో పాఠకుడికి గుర్తు చేయాలి, ఈ నెల ఉన్న కొద్ది పేజీల్లో కథ కాస్త నడవాలి, ఆఖరి వాక్యం దగ్గర పిల్లవాడికి నిద్ర పట్టకూడదు. నాయకుడు లోయ అంచున కాలుజారిన చోట ‘ఇంకా ఉంది’ అని పడుతుంది. దాసరికి ఇది వెన్నతో పెట్టిన విద్య. వాక్యం పొట్టిది, వర్ణన తక్కువ, మాటలు ఎక్కువ. అడవిని వర్ణిస్తూ కూర్చోరు, అందులోకి మనుషుల్ని తోసేస్తారు.

ఆయన నాయకుడు సాధారణంగా ఒంటరివాడు కాడు. ‘రాకాసిలోయ’లో కేశవుడికి జయమల్లు తోడు, ‘శిథిలాలయం’లో శిఖిముఖికి విక్రమకేసరి. ఇద్దరుంటే ఒకరు తొందరపడతారు, ఒకరు ఆలోచిస్తారు, మధ్యలో సంభాషణ పుడుతుంది. కథను ముందుకు నడిపేది ఆ సంభాషణే. పదేళ్ల పిల్లవాడు కత్తియుద్ధం కోసం చదివితే, పదిహేనేళ్లవాడు ఆ స్నేహం కోసం చదివాడు. తెలుగులో కౌమార వయసు పాఠకుల కోసమంటూ విడిగా నవలలు పెద్దగా లేని కాలంలో ఆ లోటు తీర్చినవి ఇవేనని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. ఇన్ని మంత్రదండాలు ఆడించిన మనిషి హేతువాది, వామపక్ష భావాలున్నవాడు. వింతగా అనిపిస్తుంది కానీ, కథల్ని మళ్లీ తిరగేస్తే అంత వింతేమీ కాదు. ఆ మాంత్రికులు ఎంత శక్తిమంతులైనా నిధులకీ అధికారానికీ ఆశపడి ఒకరినొకరు కూలదోసుకుంటారు. దేవుడు దిగివచ్చి కాపాడే ఘట్టాల కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. గట్టెక్కించేది బుద్ధి, తెగువ, పక్కనున్న మనిషి.

బొమ్మల సంగతి చెప్పకపోతే సగం కథ చెప్పనట్టే. ‘చిత్ర’ అనే సంతకంతో గీసిన టి.వి.రాఘవన్ ఆ ఏకాక్షికి, ఆ చతుర్నేత్రుడికి రూపమిచ్చారు. ఆయన గీసిన ముఖాలే మనసులో ముద్రపడ్డాయి. రాసినవారి పేరు లేకపోయినా, బొమ్మ మూలన గీసినవారి సంతకం మాత్రం ఉండేది!

మరి రచయిత పేరెందుకు వేయలేదు? అది చందమామ ఇంటి పద్ధతి. సంపాదకవర్గంలోనివారు రాసినదానికి పేరుండేది కాదు. రామాయణ, భారతాలను పిల్లల భాషలో చెప్పిన కుటుంబరావుకూ ఇదే వర్తించింది. పత్రికంతా ఒకే గొంతుతో పలకాలనుకునేవారికి అందులో సబబు కనిపించవచ్చు. కుటుంబరావుకు బయట నవలలున్నాయి, వ్యాసాలున్నాయి, పేరుంది. దాసరి సర్వస్వం ఆ సీరియళ్లే. ‘బొమ్మరిల్లు’ పత్రికకు ‘మృత్యులోయ’ వంటివి రాసినా, ఆయన ముఖ్యమైన పని చందమామలోనే ఉంది. తెలుగులో ఆయన రాసినది తమిళంలోకి, హిందీలోకి, మరెన్నో భాషల్లోకి వెళ్లింది. ఏ భాషలోకీ ఆయన పేరు వెళ్లలేదు. ఒకే పద్ధతి ఇద్దరికీ ఒకే నష్టం చేయలేదు.

1978 తర్వాత చందమామలో ఆయన కొత్త సీరియల్ రాలేదు. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్లు. రచయితకు చేయి తిరిగే వయసది. దాదాపు మరో మూడు దశాబ్దాలు, 2006 దాకా, ఆ ఆఫీసులోనే ఇతరుల కథలు దిద్దుతూ గడిపారు. తెలుగు పిల్లల సాహిత్యానికి జరిగిన పెద్ద నష్టాల్లో దీన్నొకటిగా లెక్కపెట్టాలి.

2010 జనవరిలో విజయవాడలో ఆయన కన్నుమూశారు. చివరి రోజుల్లో, ఆ తర్వాతా, పాత పాఠకులు పూనుకుని ఆయన గురించి రాశారు. సీరియళ్లు పుస్తకాలుగానూ వచ్చాయి. అట్ట మీద పేరుతో.

మీ ఇంట్లో చందమామ నుంచి సీరియల్ కాగితాలు విడదీసి కుట్టించిన పాత బైండింగులు ఉంటే తూకానికి వేయకండి. మొదటి పేజీలో శీర్షిక కింద పెన్నుతో రచయిత పేరు రాసి, పిల్లల చేతికివ్వండి.