వైద్యుని బడలికకు కొలబద్ద

రోగి నాడిని వైద్యుడు చూచుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. వైద్యుని బడలికను చూచువారెవరు? ఈ ప్రశ్నకు గల చరిత్ర రెండు పాయలుగా నడచినది. అవి చాలా కాలమునకు గాని కలిసికొనలేదు.

మొదటి పాయ విద్యుత్తుది. 1875లో ఇంగ్లండునందు రిచర్డ్ కేటన్ కుందేళ్ళ, కోతుల మెదళ్ళలో స్వల్పమైన విద్యుత్ప్రవాహములను గుర్తించినాడు. మనుష్యుని మెదడునుండి 1924లో తొలిసారి వానిని నమోదు చేసినవాడు జర్మనీలోని యేనా నగరమున మానసిక వైద్యుడైన హాన్స్ బెర్గర్. ఈయనకు కలిగిన ప్రేరణ చిత్రమైనది. యువకుడుగా సైన్యమున నుండగా గుఱ్ఱముపైనుండి పడి చావు తప్పించుకొన్ననాడే, ఎక్కడో దూరముననున్న సోదరి కీడు శంకించి తండ్రిచేత తంతి పంపించినదట. మనస్సునుండి మనస్సునకు వార్త ఎట్లు చేరెనో తేల్చవలెనని బెర్గర్ మెదడును పట్టుకొన్నాడు. ఆ రహస్యము తేలలేదు; తేలినది వేరొకటి. కన్నులు మూసి విశ్రమించిన మనుష్యుని మెదడు సెకనుకు సుమారు పది తరంగములను వెలువరించును. కన్ను తెరచినంతనే అవి అణగిపోవును. ఐదేండ్లు దాచుకొని 1929లో ఆయన దీనిని ప్రకటించినప్పుడు పలువురు నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జి యందు ఏడ్రియన్, మాథ్యూస్ అనువారు పరీక్షించి ఔననిన పిమ్మటనే లోకము తలయూచినది.

రెండవ పాయ ఆసుపత్రిది. 1889లో బాల్టిమోరున తెరచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ఏర్పరచిన శిక్షణయందు యువవైద్యులు ఆసుపత్రిలోనే నివసింపవలెను. 'రెసిడెంటు' అను మాట అట్లు నిలిచినది. నిద్ర మానుట ఒక దీక్షగా చెల్లిపోయినది. ఆ గురువుగారు స్వయముగా కొకెయినునకు, తరువాత మార్ఫీనునకు లోబడినవారు; శిష్యులకు ఆ సంగతి చాలావరకు తెలియదు.

1971లో అమెరికాలో 14 మంది ఇంటర్నులకు (మనము హౌస్ సర్జనులందుము) గుండె తరంగముల పట్టీలనిచ్చి చదివించినారు. నిద్ర తీరిననాటి తప్పులకంటె నిద్రలేనినాటి తప్పులు దాదాపు రెట్టింపు. 1984లో న్యూయార్కున 18 ఏండ్ల విద్యార్థిని ఒకతె ఆసుపత్రిలో చేరిన కొలది గంటలకే మరణించినది. ఆమెను చూచిన యువవైద్యులు దీర్ఘమైన డ్యూటీలో ఉన్నవారు. తండ్రి పాత్రికేయుడు, ఊరకుండలేదు. 1989లో ఆ రాష్ట్రము వారమునకు 80 గంటలు మించరాదని కట్టడి చేసినది. మన కేంద్ర ప్రభుత్వపు 1992నాటి రెసిడెన్సీ నిబంధన 48 గంటలనినది. కాగితము మీది గంటలకు, వార్డులోని గంటలకు ఎంత దూరమో మన జూనియర్ డాక్టర్లనడిగిన తెలియును.

పాయలు కలిసినది 2004లో. బోస్టనులో 20 మంది ఇంటర్నుల కన్నులచెంత ఎలక్ట్రోడులు అంటించి డ్యూటీలోనే గమనించినారు. గంటలు తగ్గించిన పద్ధతిలోకంటె పాత పద్ధతిలో, రాత్రివేళ, ధ్యానము తప్పిన క్షణములు రెట్టింపునకు మించినవి.

ఇప్పుడు మెదడు తరంగములను నేరుగా పట్టు పట్టీలు, టోపీలు వచ్చినవి. బడలిన మెదడున, ముఖ్యముగా నుదుటివైపున, సెకనుకు నాలుగు మొదలు ఏడు వరకు గల మందతరంగములు హెచ్చును. ఈ గుర్తును చూచి పై అధికారి సంజాయిషీ అడుగునా, బదులు వైద్యుని పంపునా అనునదే మా సందేహము. సాంకేతికమైన చిక్కులును లేకపోలేదు. దవడ బిగించినచో పుట్టు కండరముల విద్యుత్తు అసలు తరంగములను కప్పివేయును. ఒకని కొలత మరొకనికి చెల్లదు. ప్రతివానిని నిద్ర తీరిన దినమున ముందుగా కొలిచి ఉంచుకొనవలెను. హౌస్ సర్జనునకు అట్టి దినము దొరకుటయే కష్టము.