రెండు తిరస్కారాలు: ‘అవుట్ ఆఫ్ స్టెప్’ ఆల్బమ్, నెల్లూరు సారా వ్యతిరేకోద్యమం – ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికన్ పంక్ రాక్ బృందం మైనర్ థ్రెట్ 1983లో వెలువరించిన ‘అవుట్ ఆఫ్ స్టెప్’ ఆల్బమ్‌లోనూ, 1992లో నెల్లూరు జిల్లా గ్రామీణ స్త్రీలు సాగించిన సారా వ్యతిరేకోద్యమంలోనూ మద్య తిరస్కారం కనిపిస్తుంది. ఒకటి వ్యక్తి తీసుకున్న నిర్ణయం, రెండవది సమూహం పెట్టిన డిమాండు. తిరస్కారానికి కర్త ఎవరన్న ప్రశ్న ఆధారంగా ఈ రెండింటి స్వభావాన్ని, ఫలితాలను, పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పంక్ రాక్, స్ట్రెయిట్ ఎడ్జ్, సారా వ్యతిరేకోద్యమం, దూబగుంట, కళాజాతా, వేలం పాట.

1. ప్రవేశిక

నిరసన సంగీతాన్ని గురించిన తెలుగు పరిశోధన ప్రధానంగా ప్రజానాట్యమండలి, జననాట్యమండలి సంప్రదాయాల చుట్టూ సాగింది. పాశ్చాత్య దేశాల నిరసన సంగీతంతో తులన జరిగినప్పుడు కూడా యుద్ధ వ్యతిరేకత, జాతి వివక్ష వంటి అంశాలకే ప్రాధాన్యం లభించింది. మద్య తిరస్కారం ఈ తులనకు అనువైన మరొక అంశం. ప్రస్తుతం పరిశీలిస్తున్న రెండు సందర్భాల మధ్య ప్రభావ సంబంధం లేదు. సంగీత శిక్షణ గానీ, పెట్టుబడి గానీ, సంస్థల అండ గానీ ఆశించకుండా సామాన్యులు గొంతెత్తడం రెండింటికీ సమానం. అందువల్ల ఇది ప్రభావ పరిశీలన కాదు, సాదృశ్య పరిశీలన.

2. ‘అవుట్ ఆఫ్ స్టెప్’: వ్యక్తి నిరాకరణ

మైనర్ థ్రెట్ బృందం 1980లో వాషింగ్టన్ నగరంలో ఏర్పడి 1983లో విడిపోయింది. గాయకుడు ఇయాన్ మెకాయ్, డ్రమ్ వాద్యకారుడు జెఫ్ నెల్సన్ అంతకుముందు టీన్ ఐడిల్స్ బృందంలో ఉన్నారు. ఆ బృందం రికార్డును వెలువరించడానికే 1980లో డిస్కార్డ్ రికార్డ్స్ సంస్థ మొదలైంది. పెద్ద కంపెనీల అనుమతి కోసం ఎదురుచూడకుండా తమ పాటను తామే రికార్డు చేసి, తామే అమ్ముకోవడం ఈ సంస్థ పద్ధతి.

మైనర్ థ్రెట్ 1981లో వెలువరించిన ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ నిమిషం కూడా నిండని పాట. మత్తుకు దూరంగా ఉండే యువజన ధోరణికి ఆ పాట పేరే స్థిరపడింది. చేతిమీద నల్లని ‘ఎక్స్’ గుర్తు ఆ ధోరణికి చిహ్నమైంది. మద్యం అమ్మే సంగీతశాలల్లోకి మైనర్లను అనుమతించేటప్పుడు వారికి మద్యం పోయరాదని తెలియడానికి వేసిన గుర్తు అది. నిషేధానికి గుర్తుగా వేసినదాన్ని యువకులు తమ స్వచ్ఛంద నిర్ణయానికి గుర్తుగా మార్చుకున్నారు.

‘అవుట్ ఆఫ్ స్టెప్’ ఈ బృందం వెలువరించిన ఏకైక స్టూడియో ఆల్బమ్. వర్జీనియా రాష్ట్రం ఆర్లింగ్‌టన్‌లోని ఇన్నర్ ఇయర్ స్టూడియోలో డాన్ జియెంటారా ఆధ్వర్యంలో దీన్ని రికార్డు చేశారు. తెల్ల గొర్రెల మంద నుంచి విడిపోయి దూకుతున్న నల్ల గొర్రె దీని ముఖచిత్రం. ఇందులోని పాటలన్నీ మద్యం గురించినవి కావు. స్నేహభంగం, తోటివారి పట్ల అసహనం ఎక్కువ పాటల్లో కనిపిస్తాయి. మద్య తిరస్కారం ప్రధానంగా శీర్షిక గీతంలో ఉంది.

ఈ గీతం తొలి రూపం 1981 నాటిది. మద్యాన్ని, పొగను, బాధ్యత లేని లైంగిక సంబంధాలను అందులో నిరాకరించారు. అయితే కర్త స్పష్టంగా లేకపోవడంతో ఆ మాటలు శ్రోతకు ఇచ్చిన ఆజ్ఞలుగా వినిపించే అవకాశం ఏర్పడింది. దీనిపై నెల్సన్ అభ్యంతరం చెప్పాడు. 1983లో తిరిగి రికార్డు చేసినప్పుడు, ఇది ఇతరులకు విధించిన నియమావళి కాదని మెకాయ్ పాట మధ్యలో వచనంలో వివరించాడు. ఆంగ్ల వాక్యంలో కర్తను వదిలేస్తే ‘నేను తాగను’, ‘నువ్వు తాగవద్దు’ అన్న రెండర్థాలకూ ఒకే రూపం మిగులుతుంది. తెలుగు క్రియలో పురుష ప్రత్యయం ఉండటం వల్ల ‘తాగను’, ‘తాగవద్దు’ అన్నవి వేర్వేరుగానే నిలుస్తాయి. ఈ వ్యత్యాసం నెల్లూరు ఉద్యమాన్ని అర్థం చేసుకోవడానికీ ఉపకరిస్తుంది.

3. నెల్లూరు: సమూహ నిరాకరణ

3.1 వేలం పాట: సారా అమ్మే హక్కును ప్రభుత్వం వేలం వేసేది. వాడుకలో దీనిని ‘సారా పాట’ అంటారు. ఎక్కువ మొత్తానికి పాట పాడుకున్న కాంట్రాక్టరు ఆ సొమ్మును అమ్మకాల ద్వారానే రాబట్టుకోవాలి. 1980ల్లో వచ్చిన ‘వారుణి వాహిని’ పథకంతో సారా ప్యాకెట్ల రూపంలో కూలిపేటల గడప దాకా చేరింది. ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ ఆదాయం 1970–71లో 39 కోట్ల రూపాయలు కాగా, 1991–92 నాటికి 812 కోట్లకు పెరిగింది. కూలి డబ్బు ఇంటికి చేరకుండా సారా దుకాణానికి మళ్లడం వల్ల పస్తులు, దెబ్బలు స్త్రీల వంతయ్యాయి.

3.2 అక్షరం, కళాజాతా: నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం 1991లో మొదలైంది. పాటలు, చిన్న నాటికలతో ఊరూరా తిరిగే కళాజాతాలు దానికి ప్రచార సాధనాలయ్యాయి. రాత్రి చదువు కేంద్రాలు శ్రామిక స్త్రీలు కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటయ్యాయి. జిల్లా మెట్ట ప్రాంతంలోని కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ తదితర స్త్రీలు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ అనుభవం ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై వాచకంలోకి ఎక్కింది. ఆ పాఠం చదివిన ఇతర గ్రామాల స్త్రీలు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని దుకాణాల ముందు నిలబడ్డారు. ఒక ఊరి చర్య పాఠమై, ఆ పాఠం మరో ఊరిలో చర్యగా మారడం ఈ ఉద్యమ వ్యాప్తిలోని విశేషం.

1992లో స్త్రీలు నెల్లూరుకు తరలివచ్చి వేలాన్ని అడ్డుకోవడంతో అది పలుమార్లు వాయిదా పడింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి నాడు ఈ జిల్లాలోనే ఉన్న తీర ప్రాంతపు వాకాడుకు చెందినవారే కావడం గమనార్హం. తరువాత కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధాన్ని అమలుచేసింది. 1997లో ఆ నిషేధం సడలింది.

4. కర్త ఎవరు?

నెల్లూరు స్త్రీలలో ఎక్కువమందికి ‘తాగను’ అని ప్రకటించవలసిన అవసరం లేదు. వారు తాగేవారు కారు, తాగుడు ఫలితాన్ని మోసేవారు. అందువల్ల వారి తిరస్కారం ‘అమ్మనివ్వం’ అనే ఉత్తమపురుష బహువచన రూపం తీసుకుంది. ఈ మాట తాగే భర్తను దాటి, అమ్మే కాంట్రాక్టరును, వేలం వేసే ప్రభుత్వాన్ని ఉద్దేశించింది. తాగుడును పురుషుడి దురలవాటుగా మాత్రమే చూసే నీతిబోధకూ, దీనికీ ఉన్న భేదం ఇదే.

మెకాయ్ తిరస్కారం ఆజ్ఞగా మారకుండా ఉండటానికి ‘నేను’ అవసరమైంది. నెల్లూరు తిరస్కారం వట్టి వేడుకోలుగా మిగలకుండా ఉండటానికి ‘మేము’ అవసరమైంది. రెండింటి పరిమితులూ వీటిలోనే ఉన్నాయి. వ్యక్తి నిర్ణయం మద్యం వ్యాపారాన్ని కదిలించలేదు, అయితే దానిని ఏ ప్రభుత్వమూ రద్దు చేయలేదు. సమూహ డిమాండు రాజ్య విధానాన్ని మార్చింది, అయితే విధానంగా వచ్చినది విధానంగానే వెనక్కి పోయింది.

5. నిలిచిన రికార్డు, నిలవవలసిన పాట

స్ట్రెయిట్ ఎడ్జ్ ధోరణి అమెరికా దాటి వ్యాపించడానికి రికార్డు ముఖ్య కారణం. బృందం విడిపోయినా ఆల్బమ్ నిలిచింది. దానిలోని ప్రతి మార్పునూ పరిశోధకులు తేదీతో సహా చర్చించగలుగుతున్నారు. నెల్లూరు పాటలు స్టూడియోలో పుట్టినవి కావు. తెలిసిన బాణీలో, గుంపు గొంతులో, సందర్భాన్ని బట్టి మాట మార్చుకుంటూ సాగడం అటువంటి పాట లక్షణం. ఉద్యమ వేళ ఇది బలమే. చరిత్ర రచన వేళ మాత్రం లోటుగా మారుతుంది. ఆబ్కారీ లెక్కలు, ప్రభుత్వ ఉత్తర్వులు దస్త్రాల్లో భద్రంగా ఉంటాయి. వేలం పాటను ఆపిన గొంతులు జ్ఞాపకంలోనే ఉంటాయి.

6. ముగింపు

సారా వ్యతిరేకోద్యమాన్ని స్త్రీవాద, రాజకీయార్థిక దృక్పథాల నుంచి పరిశీలించిన రచనలు విలువైనవి. దానిని పాట చరిత్రలో భాగంగా చూడటం తరువాతి అవసరం. రోశమ్మ 2016లో మరణించారు. 1992లో ఇరవై ఏళ్లున్న స్త్రీలు నేడు యాభై దాటారు. కలిగిరి మొదలుకొని తీర గ్రామాల వరకు నాటి కార్యకర్తల నుంచి, కళాజాతా కళాకారుల నుంచి పాటలను బాణీలతో, పాఠాంతరాలతో సేకరించడం జిల్లాలోని తెలుగు శాఖలు చేపట్టదగిన క్షేత్రపరిశోధన. ఒక పాటలో ‘నేను’ అన్న చిన్న మాట చేరడాన్ని చరిత్ర నమోదు చేయగలిగింది. వేల మంది పలికిన ‘మేము’ కూడా అంతే జాగ్రత్తగా నమోదు కావాలి.